ఒక్క విజిల్‌కి అందరి గుండె కొట్టుకోదు

పొద్దున్నే డ్రిల్లులో పరుగెత్తడం మంచిదే. దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా విజిల్‌తోనే. ఆరో తరగతి చిన్నోడినీ, పదో తరగతి పొడుగాటి అన్ననీ ఒకే విజిల్‌కి అడుగు వేయమంటున్నారు. ఇది సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ఊరికే కూర్చున్నప్పుడు మన గుండె నిమిషానికి సుమారు 70, 80 సార్లు కొట్టుకుంటుంది. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, 15 సెకండ్లు లెక్కపెట్టి, 4తో హెచ్చవేస్తే ఎవరిది వారికే తెలిసిపోతుంది. గట్టిగా పరుగెత్తితే అది 150 దాటుతుంది. అప్పుడు పాదాలు కూడా నిమిషానికి దాదాపు 160 నుంచి 180 సార్లు నేలను తాకుతాయి. రెండు లెక్కలూ దగ్గరపడితే ఒక్కోసారి గుండె, అడుగు వాటంతటవే జత కలుస్తాయి.

మన పిక్కలు కూడా ఒక పంపే. అడుగు పడినప్పుడల్లా అవి బిగుసుకుని సిరల్లో రక్తాన్ని గుండె వైపు నెడతాయి. సిరల్లో కవాటాలు ఉంటాయి కాబట్టి అది వెనక్కి జారదు. పాదం అదురుకి రక్తనాళాల్లో ఒత్తిడి కూడా ఒక్క క్షణం పెరుగుతుంది. గుండె రక్తాన్ని చిమ్మేటప్పుడే ఆ అదురు వస్తే గుండెకు ఎదురు తోసే పని పడుతుంది. గుండె వదులైనప్పుడు వస్తే మేలు. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అప్పుడే కదా! అడుగు ఇలా కుదిరినప్పుడు, అదే వేగానికి గుండె కాస్త తక్కువసార్లు కొట్టుకోవడం ప్రయోగాల్లో కనిపించింది.

"నెమ్మదిగా కొట్టుకో" అంటే గుండె వినదు. మనం మార్చుకోగలిగింది అడుగునే. థింసాలో అందరం ఒకే డప్పుకి అడుగు వేస్తాం, అక్కడ అదే అందం. పరుగులో మాత్రం ఎవరి డప్పు వారి గుండెల్లోనే ఉంది.

మరి క్రమశిక్షణ మాటేమిటి అంటారు. వేళకి లేవడం, అందరూ గ్రౌండుకి రావడం క్రమశిక్షణ. అందరూ ఒకే అంగ వేయడం కాదు.

ఇంకో ముఖ్యమైన మాట. వెనకబడినవాళ్లను బద్ధకస్తులని ఇంకో రెండు రౌండ్లు కొట్టిస్తున్నారు. ఒంట్లో రక్తం తక్కువుంటే గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. మన గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. దాన్ని నిర్మూలించడానికే 2023లో కేంద్ర ప్రభుత్వం ఒక మిషన్ మొదలుపెట్టింది. ఆ జబ్బున్న పిల్లల్ని నీళ్లివ్వకుండా, అలసిపోయినా పరుగెత్తిస్తే ప్రాణం మీదికి రావచ్చు. అది మొహం చూస్తే తెలియదు, రక్త పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

కాబట్టి వార్డెన్ గారికీ, డ్రిల్లు సారుకీ మా మనవి:

1. విజిల్ మొదలుపెట్టడానికి ఊదండి, అడుగులు కలపడానికి వద్దు.
2. పరుగు అయ్యాక వెంటనే నిలబెట్టొద్దు, ఒక రౌండు నడిపించండి. ఒక్కసారిగా ఆగితే పిక్కల పంపు ఆగి, రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది. కళ్లు తిరిగేది అందుకే.
3. గ్రౌండు దగ్గర ఒక బిందె నీళ్లు పెట్టించండి.
4. పరుగును శిక్షగా వేయొద్దు. ఎప్పుడూ వెనకబడేవాళ్లకు రక్త పరీక్ష చేయించండి.

మిత్రులారా, మనం కూడా వెనకబడినవాణ్ణి చూసి నవ్వడం మానేద్దాం. వాడి గుండె మనకంటే ఎక్కువ కష్టపడుతోందేమో!

— 9వ తరగతి విద్యార్థి