ఆక్సిజన్ మిషన్‌తో విమానం ఎక్కే రోగుల వినతిపత్రం

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,
పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) అధిపతి గారికి,
పౌర విమానయాన భద్రతా బ్యూరో (బీసీఏఎస్) అధిపతి గారికి,
న్యూఢిల్లీ.

విషయం: పోర్టబుల్ ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌తో ప్రయాణించే రోగులకు దేశంలోని అన్ని విమానాల్లో, అన్ని విమానాశ్రయాల్లో ఒకే నియమం అమలు చేయాలని విజ్ఞప్తి.

అయ్యా,

కింద సంతకాలు చేసిన మేము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఇంటి దగ్గర ఆక్సిజన్ పెట్టుకుని బతుకుతున్నవాళ్లం, వాళ్లను కనిపెట్టుకుని ఉంటున్న ఇంటివాళ్లం. మాలో ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండిన తల్లులున్నారు. రాతి క్రషర్ల దగ్గర దుమ్ము మింగిన కూలీలున్నారు. కొవిడ్ తగ్గినా ఊపిరితిత్తులు కోలుకోని తండ్రులున్నారు. జబ్బుల పేర్లు వేరు, అవసరం ఒక్కటే. నిద్రలోనూ నడకలోనూ ముక్కుకు ఆ సన్నని పైపు ఉండాలి.

ఈ వినతిపత్రం రాస్తున్న నేను, నిరుడు మాఘమాసంలో మా ఇంట్లో జరిగింది ముందుగా తమరికి చెప్పుకుంటాను.

మా అమ్మకు 72 ఏళ్లు. ఢిల్లీలో మనవరాలి పెళ్లి. డాక్టరు గారు పరీక్షించి, మిషన్ పెట్టుకుని వెళ్లవచ్చని రాసిచ్చారు. ఆ కాగితాన్ని మూడు రోజుల ముందే విమాన సంస్థకు మెయిల్ చేశాం. జవాబు రాలేదు. కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి మిషన్‌ను చూసి, "ఇందులో గ్యాస్ ఉందా?" అని అడిగింది. లేదన్నాం. ఎవరికో ఫోన్ చేసింది. వాళ్లు తమ ఫారం కావాలన్నారు. ఆ ఫారం ఎక్కడ దొరుకుతుందో అక్కడ ఎవరికీ తెలియదు. యాభై నిమిషాలు గడిచాయి. మిషన్ మీద నాలుగు గీతలుండాల్సిన బ్యాటరీ గుర్తు రెండుకు పడింది.

తర్వాత సెక్యూరిటీ. మిషన్ ట్రేలో పెట్టాలి, పైపు తీసేయాలి అన్నారు. అమ్మ పైపు తీసి, ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది. వేలికి పెట్టిన ఆక్సీమీటరులో ఆక్సిజన్ శాతం 92 నుంచి 88కి, 85కి, 82కి దిగింది. పెదవులు నల్లబడ్డాయి. ట్రే అవతలికి వచ్చేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇంతా దాటి గేటు దగ్గరకు చేరాక, పైలట్ ఒప్పుకోలేదన్నారు. కారణం రాసివ్వమంటే ఇవ్వలేదు. మనవరాలి మెడలో తాళి పడటం అమ్మ ఫోన్లో చూసింది.

ఈ వినతిపత్రం మీద సంతకం చేసిన ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటుంది. ఒకరికి వెళ్లేటప్పుడు అనుమతి దొరికింది, అదే సంస్థ విమానంలో తిరిగి వచ్చేటప్పుడు దొరకలేదు. ఆ పూట కౌంటరులో ఎవరున్నారనే దాన్ని బట్టి మా ప్రయాణం నడుస్తోంది.

కాన్సన్‌ట్రేటర్ అని పిలిచే ఈ మిషన్ సిలిండరు కాదని సవినయంగా మనవి చేస్తున్నాం. అందులో నిల్వ చేసిన గ్యాస్ ఉండదు. మన చుట్టూ ఉన్న గాలినే లోపలికి పీల్చి, అందులోని నైట్రోజన్‌ను జియోలైట్ గుళికలతో పట్టి ఉంచి, మిగిలిన ఆక్సిజన్‌ను ముక్కుకు అందిస్తుంది. చాలా మోడళ్లు రెండు మూడు కిలోల బరువు. ముందు సీటు కింద ఒదిగిపోతాయి.

ఆకాశంలో దీని అవసరం నేల మీద కంటే ఎక్కువ. విమానం 35 వేల అడుగుల ఎత్తున ఎగిరినా, లోపలి గాలి పీడనాన్ని గరిష్ఠంగా 8 వేల అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. అది ఊటీ కంటే ఎత్తు. అక్కడి గాలి పీల్చడమంటే నేల మీద 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చినట్టే. ఆరోగ్యవంతుడికి అది తెలియను కూడా తెలియదు. మా అమ్మలాంటి వారికి అదే ప్రాణం మీదకు వస్తుంది. తల మీద నుంచి జారే మాస్కులు ఉన్నాయి కదా అని కొందరు సిబ్బంది అంటున్నారు. అవి క్యాబిన్ పీడనం పడిపోయినప్పుడు కొద్ది నిమిషాల కోసం పెట్టినవి. రోగికి ప్రయాణమంతా పనికొచ్చేవి కావు.

రైల్లో వెళ్లవచ్చు కదా అంటారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. రెండు గంటల ప్రయాణమే సాహసమైన మనిషిని అంతసేపు బ్యాటరీల మీద ఎలా తీసుకెళ్లగలం?

మా ఇబ్బందులు ఇవి:

1. ఒక్కో సంస్థ ఒక్కో ఫారం అడుగుతోంది, ఒక్కో గడువు చెబుతోంది. ముందే పంపినా జవాబు వస్తుందన్న నమ్మకం లేదు.

2. అనారోగ్యం పేరుతో ప్రయాణికుణ్ణి ఆపాలంటే డాక్టరు స్వయంగా పరీక్షించి అభిప్రాయం చెప్పాలని 2022లో డీజీసీఏ తన నిబంధనలను సవరించింది. ఆ సవరణ వికలాంగుల ప్రయాణానికి సంబంధించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు వాటిలో లేదు. అందుకే కౌంటరులో వైకల్య సర్టిఫికెట్ అడిగితే మేం నోరు మూసుకోవాల్సి వస్తోంది.

3. రెండు గంటల విమానమంటే మాకు ఆరేడు గంటల ఊపిరి. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట, అక్కడ రెండు గంటలు, గాలిలో రెండు గంటలు, దిగాక మరో గంట. విమానం ఆలస్యమైతే ఆ లెక్కా తప్పుతుంది. గేటు దగ్గర ప్లగ్ పాయింట్ కోసం ఆక్సిజన్ మీదున్న మనిషిని వెంటబెట్టుకుని తిరగాల్సి వస్తోంది.

4. తనిఖీ పేరుతో పైపు తీయించడం. బాంబు పెట్టారేమోనన్న జాగ్రత్త మాకూ అర్థమవుతుంది. ఊపిరి ఆపకుండా తనిఖీ చేసే పద్ధతి కావాలని మాత్రమే అడుగుతున్నాం.

ఈ చిక్కు ఇతర దేశాలకు కొత్త కాదు, విప్పే దారి కూడా దొరికింది. అమెరికా 2005లో కొన్ని మోడళ్లను పేరుపేరునా అనుమతించింది. 2016లో ఆ జాబితా పద్ధతి మానేసి, ప్రమాణాలకు సరిపోయే మిషన్ల మీద తయారీదారే ఎర్ర అక్షరాల లేబుల్ వేయాలని నియమం పెట్టింది. లేబుల్ ఉంటే సిబ్బందికి అనుమానం ఉండదు. 48 గంటల ముందు చెప్పమని, ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు సరిపోయే బ్యాటరీలు తెమ్మని అక్కడి సంస్థలు అడగవచ్చు. ఆ షరతులు పాటించిన రోగి మిషన్ పెట్టుకుని ప్రయాణించవచ్చు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లిన మాలో కొందరు అక్కడ ఒక నగరం నుంచి మరో నగరానికి ఇదే మిషన్‌తో ఎగిరారు. ఆ మిషన్‌తో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లడం ఎందుకు కష్టం కావాలి?

కాబట్టి తమరు ఈ కింది విషయాలను ఉత్తర్వుగా జారీ చేయాలని కోరుతున్నాం:

1. అన్ని సంస్థలకూ ఒకే ఫారం, ఒకే గడువు ఉండాలి. 48 గంటల ముందు పంపితే, 24 గంటల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి.

2. అలాంటి లేబుల్ ఉన్న ప్రతి కాన్సన్‌ట్రేటర్‌నూ ప్రయాణమంతా వాడుకోనివ్వాలి. దాన్ని 7 కిలోల చేతి సామాను లెక్కలో కలపకూడదు, అదనపు రుసుము అడగకూడదు.

3. అనుమతి నిరాకరిస్తే డాక్టరు సంతకంతో కారణం అక్కడికక్కడే రాసివ్వాలి. వికలాంగుల ప్రయాణ నిబంధనల రక్షణ ఆక్సిజన్ అవసరమైన వారికీ వర్తిస్తుందని స్పష్టం చేయాలి.

4. సెక్యూరిటీ దగ్గర పైపు తీయకుండా, మిషన్ ఆపకుండా, స్వాబ్‌తో, చేతి పరికరంతో కూర్చున్నచోటే తనిఖీ చేయాలి.

5. చెక్-ఇన్ కౌంటరు, సెక్యూరిటీ, బోర్డింగ్ గేటు దగ్గర వీల్‌చైర్ ప్రయాణికులు ఆగేచోట ప్లగ్ పాయింట్లు ఉండాలి. విమానం ఆలస్యమైనప్పుడు విమానాశ్రయంలోని వైద్య కేంద్రం ఆక్సిజన్ ఇవ్వాలి.

6. ఈ నియమాలను శంషాబాద్, విశాఖపట్నం, గన్నవరం, తిరుపతి విమానాశ్రయాల్లో తెలుగులో రాసి అందరికీ కనిపించేలా పెట్టాలి.

మా వంతు బాధ్యతలకు మేం కట్టుబడి ఉంటాం. సొంత సిలిండర్లు తీసుకురాం. డాక్టరు పత్రం లేకుండా బయలుదేరం. స్పేర్ బ్యాటరీల కొనలకు టేపు వేసి, చేతి సంచిలోనే పెట్టుకుంటాం. 100 వాట్ అవర్లు దాటిన వాటికి ముందే అనుమతి తీసుకుంటాం. అత్యవసర ద్వారం పక్క సీటు అడగం.

ఆ పెళ్లికూతురికి ఇప్పుడు కొడుకు పుట్టాడు. మునిమనవణ్ణి ఒళ్లో పెట్టుకోవాలని అమ్మ పట్టుబడుతోంది. వచ్చే నెలకు మళ్లీ టికెట్ తీశాం. ఈసారి కౌంటరు దగ్గర "ఇందులో గ్యాస్ ఉందా?" అని అడిగితే చూపించడానికి తమరి ఉత్తర్వు మా చేతిలో ఉండేలా చేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
ఇంటి ఆక్సిజన్ మీద ఆధారపడిన రోగులు, వారి కుటుంబ సభ్యులు
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ