వీడియోలో కౌన్సిలింగా? ముందు మిద్దెక్కి చూడండి!

'చంద్రముఖి' (2005)లో రజనీకాంత్, 'నాగవల్లి' (2010)లో వెంకటేష్... ఇద్దరూ మానసిక వైద్యులే! ఈలలు వేసి మరీ చూశాం. దాంతో ఓ చిక్కొచ్చి పడింది. మనసు బాగాలేదని చెప్పుకోవాలంటే ఒంట్లో దయ్యమైనా ఉండాలి, ఎదురుగా సూపర్‌స్టారైనా ఉండాలి అనుకుంటోంది మన కుర్రకారు. 2016లో వచ్చిన 'డియర్ జిందగీ' కాస్త నయం. షారుఖ్ ఖాన్ ఎదురుగా కూర్చుని ఆలియా భట్ చెప్పేది వింటాడు. అసలు సంగతికి అదే దగ్గర. కానీ అది గోవా అబ్బా! సముద్రం, గాలి, ఏకాంతం. మా తిరుచానూరులో ఏకాంత సేవ అమ్మవారికే గానీ మనబోటివాళ్ళకెక్కడిది?

మా వీధిలో ఓ చెల్లెమ్మ ఉంది. డిగ్రీ చదువుతోంది. నెలల తరబడి నిద్ర లేదు, పుస్తకం ముట్టదు. ఎవరో చెబితే బెంగుళూరులో ఒక ప్రైవేటు కౌన్సిలర్‌తో (మునిసిపల్ కౌన్సిలర్ అనుకునేరు!) వీడియోలో మాట్లాడటానికి డబ్బు కట్టింది. తీరా ఆ వేళకు ముందు గదిలో అవ్వ సీరియల్ చూస్తోంది, వంటింట్లో అమ్మ. "ఊ", "లేదు", "పర్వాలేదు"... ముప్పావుగంటా ఈ మూడు మాటలే! "నాకిది పనికిరాదన్నా" అని ఏడ్చింది. పనికిరానిది కౌన్సిలింగు కాదమ్మీ, నువ్వు కూర్చున్న చోటు అన్నాను.

ఇప్పుడు వారానికోసారి సాయంత్రం మిద్దె మీదికి పోతోంది, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని. అవతలి మాట ఎవరికీ వినబడదు. ఎవరన్నా మెట్లెక్కితే "రేపు పరీక్షండీ" అంటుంది. అది వాళ్ళిద్దరి గుర్తు. బట్టలు తీసుకురావడానికి ముప్పావుగంటా అని అవ్వ సణుగుతుందనుకోండి. మిద్దె లేనివాళ్ళు స్నేహితురాలి ఇల్లో, ఆపి ఉన్న కారో చూసుకోండి. కార్తీక మాసంలో పంచమీ తీర్థం నాడు మాత్రం పెట్టుకోకండి. ఆ జనంలో మీ మాట మీకే వినబడదు!

చోటు కుదిరాక మనిషి సంగతి. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. ఉత్త 'కౌన్సిలర్' అన్న మాటను బట్టి ఏం చదివారో తెలియదు. అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవారైతే మనకు అక్కర్లేదు. ఇంకో మాట... మన తెలుగు అర్థమయ్యేవారిని వెతుక్కోండి. "గుండెల్లో ఏదో మాదిరిగా ఉంది" అన్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి సగం దుఃఖం దారిలోనే పోతుంది.

డబ్బు విషయం మొహమాటపడకుండా మొదటే తేల్చుకోండి. ఎన్ని నిమిషాలకెంత? రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి? మధ్యలో లైను తెగితే ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి? అన్నట్టు, బ్యాంకు మెసేజీ నాయన ఫోనుకు పోతుందేమో చూసుకున్నారా? పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళయితే ఎలాగూ అమ్మకో నాయనకో చెప్పాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైంది, అందరూ మరిచేది, మీ అడ్రసు. బెంగుళూరులో కూర్చున్నావిడకు మీ వీధి ఏం తెలుస్తుంది? మీకు ప్రాణాల మీదికొస్తే 108ని ఎక్కడికి పంపుతుంది? ఇంటి అడ్రసు, నమ్మకమైన ఒక మనిషి ఫోన్ నంబరు మొదటి రోజే ఇచ్చేయండి. మీరు చెప్పింది గుట్టుగా ఉంచడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కే. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పున్నప్పుడు మాత్రం ఆ గుట్టు విప్పవచ్చు. ఏ సందర్భంలో, ఎవరికి చెబుతారో ముందే అడిగి తెలుసుకోండి. మాటలు రికార్డు చేస్తారా అన్నది కూడా.

రెండు మూడుసార్లు మాట్లాడాక కూడా కుదరకపోతే మనిషిని మార్చండి. హీరోయిన్ని మార్చి సినిమా తీసినవాళ్ళు లేరా! అసలు డబ్బే లేదంటారా? 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ 'టెలీ మానస్' ఉంది. 14416. రాత్రీ పగలూ, తెలుగులో, ఉచితంగా. ఎదురుగా డాక్టరుంటేనే ధైర్యమనుకునేవాళ్ళకు తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగముంది. "చచ్చిపోదాం" అన్న ఆలోచన వచ్చిందా, వారం రోజుల తర్వాతి అపాయింట్‌మెంటు కోసం చూడకండి. ఆ నంబరుకు ఆ క్షణమే చెయ్యండి.