టైమ్‌లాప్స్‌లో సజ్దా ఎక్కడ?

ఈద్ అయిపోయాక రెండు మూడు రోజుల దాకా మన ఆదోని, ఎమ్మిగనూరు ఫోన్లలో ఒకే తరహా వీడియో తిరుగుతూ ఉంటుంది. ఖాళీ ఈద్గా. చూస్తుండగానే తెల్లటి కుర్తాలతో నిండిపోతుంది, ఒకసారి అలలాగా వంగి లేస్తుంది, మళ్లీ ఖాళీ. మొత్తం పాతిక ముప్పై సెకన్లు. వెనక ఏదో నాత్ ముక్క. ఇంట్లో అమ్మీలు "మాషాఅల్లా, ఎంత మంది వచ్చినారో" అంటారు. పిల్లలు వీడియోను ఆపి ఆపి అబ్బా ఎక్కడున్నాడో వెతుకుతారు. దీన్నే టైమ్‌లాప్స్ అంటారు.

నేను ఈ వీడియోలకు ముఖాలిఫ్ కాను. ఈద్గాలో ఉన్నవాడికి ముందు సఫ్‌లోని వీపులు తప్ప ఏమీ కనపడవు. జమాత్ ఎంత పెద్దదో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. మక్కాలో తవాఫ్ టైమ్‌లాప్స్ చూడని ముస్లిం ఇల్లు ఇప్పుడు అరుదు. కాబా కదలకుండా ఉంటే చుట్టూ మనుషులు పాలనురగలాగా తిరుగుతుంటారు. హజ్‌కు పోలేని దాదీ, నానీలు ఆ వీడియో చూసి కళ్లు తుడుచుకుంటారు. దాన్ని ఫుజూల్ అని ఎట్లా అంటాం?

అయితే ఒక లెక్క చూడండి. కెమెరా రెండు సెకన్లకు ఒక ఫొటో తీస్తుంది. గంటకు 1800 ఫొటోలు. వాటిని సెకనుకు 30 చొప్పున ఆడిస్తే గంట కాస్తా ఒక్క నిమిషం అవుతుంది. అంటే కాలం 60 రెట్లు పరిగెత్తుతుంది. జనం రావడం, సఫ్‌లు కట్టడం, విడిపోవడం చూపించడానికి ఇది బాగుంటుంది. ఇప్పుడు నమాజ్ సంగతికి రండి. రెండు రకాత్‌లకు ఆరు నిమిషాలు పట్టిందనుకుంటే వీడియోలో అది ఆరు సెకన్లు. సజ్దా ఆరు సెకన్లు ఉంటే దానికి దక్కేది మూడు ఫొటోలు, సెకనులో పదోవంతు. నొసలు నేలకు ఆనిందో లేదో కంటికి చిక్కదు. మన హనఫీ నమాజ్‌లోని ఆరు జాయిద్ తక్బీర్లు, చేతులు చెవుల దాకా ఎత్తడం, రుకూ, అన్నీ కలిసి ఏదో తెర వణికినట్టు కనపడతాయి. దేనికోసం అంతమంది వచ్చారో అదే వీడియోలో లేకుండా పోతుంది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. టైమ్‌లాప్స్‌ను రాకకూ పోకకూ వాడండి, నమాజ్‌ను నమాజ్ వేగంలోనే ఉంచండి. ఇమామ్ సాబ్ తక్బీర్ అనే దగ్గర వీడియోను మామూలు వేగానికి తెచ్చి ఒక్క సజ్దాను పూర్తిగా చూపించండి. ఆ రెండో వీడియోకు ఇంకో ఫోన్ కావాలి, అంతే. అది కుదరకపోతే ఆ భాగం తీసేయండి. తీసేసినా నష్టం లేదు.

టైమ్‌లాప్స్‌లో నాకు నచ్చే గుణం వేరే ఉంది. రీల్స్ తీసే కుర్రాడు ఖుత్బా నడుస్తుంటే సఫ్‌ల మధ్య ఫోన్ పట్టుకొని తిరగాలి, ఎవరో దువాలో కళ్లు మూసుకుంటే ముఖం దగ్గరికి పోవాలి. టైమ్‌లాప్స్‌కు ఆ ఖర్మ లేదు. ట్రైపాడ్ గట్టిగా బిగించి, ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేసి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పవర్ బ్యాంక్ తగిలిస్తే దాని పని అది చేసుకుంటుంది. ఒక నొక్కు నొక్కి, వుజూ చేసుకుని, తీసేవాడు కూడా సఫ్‌లో నిలబడొచ్చు. ఇన్ని రకాల వీడియోల్లో వీడియోగ్రాఫర్‌కు నమాజ్ దక్కేది దీంట్లోనే. మోగిన్ భాయ్‌లు, కుర్బాన్ మామూలు దీన్ని వద్దనే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

కెమెరా ఎక్కడ పెట్టాలన్నది హునర్ కంటే తమీజ్‌కు సంబంధించిన మాట. మనకు ఖిబ్లా పడమర, కొంచెం ఉత్తరానికి. ఈద్ నమాజ్ పొద్దున్నే. కెమెరాను తూర్పున, సఫ్‌ల వెనక ఏదైనా మిద్దె మీద పెడితే ఎండ కెమెరా వెనక నుంచి పడుతుంది, నమాజీల వీపులే కనపడతాయి. వెలుగూ బాగుంటుంది, ఎవరి ముఖమూ ఇంటర్నెట్‌కు ఎక్కదు. మంచి కెమెరా ఉన్నవాళ్లు ముందు ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి షట్టర్‌ను అర సెకను తెరిస్తే నడిచేవాళ్లు పొగలా కరిగిపోతారు, నిలబడిన సఫ్ మాత్రం స్పష్టంగా వస్తుంది.

మిద్దె ఎక్కినవాళ్లు మర్చిపోయేది పక్క మిద్దెలను. ఈద్ పొద్దున ఆడవాళ్లు జమాత్ చూడటానికి మిద్దెల మీదికి వస్తారు. కొందరి తల మీద దుపట్టా ఉంటుంది, కొందరు షీర్ ఖుర్మా పొయ్యి మీద పెట్టి పైట సర్దుకోకుండానే వచ్చి ఉంటారు. వైడ్ లెన్స్‌లో వాళ్లంతా గంటసేపు పడతారు. ఊరంతా ఆపి ఆపి చూసే వీడియో ఇది. ఫ్రేమ్‌ను కిందికి దించండి, లేదా ఆ అంచు కత్తిరించండి. మిద్దె ఇచ్చిన ఇంటివాళ్ల ఇజాజత్ ఒకటే చాలదు.

తసవీర్ జాయిజా, నాజాయిజా అన్న బహస్ నేను తేల్చేది కాదు. డిజిటల్ బొమ్మ తసవీర్ కాదన్న ఉలమా ఉన్నారు, అదీ తసవీరేనన్న దేవ్‌బంద్ ఫత్వాలూ ఉన్నాయి. మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను, ఇంతెజామియా కమిటీని ముందే అడగండి. వద్దంటే ఊరుకోండి.

ఇంకో ఫికర్ ఉంది. 60 రెట్ల వేగంలో నిదానంగా నడిచే మనిషి కూడా ఉరుకుతాడు. ఈద్గా గేట్‌లోంచి గలే మిలుకుంటూ బయటికొచ్చే జనం ఆ వేగంలో ఎగబడుతున్న గుంపులా కనపడతారు. నాత్ తీసేసి, కింద నాలుగు విషపు మాటలు రాసి వాట్సాప్‌లో వదలడానికి ఎవరికైనా రెండు నిమిషాలు చాలు. ముస్లిం జమావడాల వీడియోలకు ఈ కాలంలో జరిగేది మీకు తెలియంది కాదు. మన పక్కనే హొళగుంద మండలం దేవరగట్టును చూడండి. అక్కడ దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం బయటివాళ్లకు కర్రలూ దివిటీలూ ఉన్న అరనిమిషం వీడియోగానే తెలుసు. ఆ కొండకూ మాల మల్లేశ్వరుడికీ చుట్టుపక్కల ఊళ్లకూ ఉన్న రిష్తా అందులో ఎక్కడుంది? అందుకే పోక భాగంలో వేగం తగ్గించండి, 60 రెట్లు కాదు, పది రెట్లు చాలు. వీడియో మీదనే ఊరు, తేదీ, ఈద్ అని రాయండి. అసలు ఫొటోలు కొన్నేళ్లు దాచుకోండి. ఎవరైనా అబద్ధం చెప్పిన రోజు అవే గవాహీ.

మొహర్రంకు మాత్రం టైమ్‌లాప్స్ వద్దే వద్దు. మా వైపు ఊళ్లలో పీర్లను హిందువులూ ముస్లింలూ కలిసే ఎత్తుతారు. అలావా చుట్టూ తిరగడమైనా, షహాదత్ రోజు పీర్లు సాగిపోవడమైనా, ఆ అడుగులో గమ్ ఉంటుంది. ఆ అడుగును 60 రెట్లు ఉరికిస్తే పాత చాప్లిన్ సినిమాలా నవ్వు పుడుతుంది. కర్బలా పేరు మీద నవ్వు పుట్టించే వీడియో మన చేతుల మీదుగా రాకూడదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర సంగతి వేరు. తేరు నిదానం, చుట్టూ జనసముద్రం. అక్కడ వేగం తేరుకు అందమే ఇస్తుంది.

జనం ఉన్నచోట ట్రైపాడ్ కూడా అడ్డమే. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. చిత్రీకరణ కోసం జనాన్ని ఆపారన్న ఆరోపణ అప్పుడు ఎంత రేగిందో అందరికీ గుర్తే. విచారణలో ఏం తేలిందన్న మాట అట్లా ఉంచితే, వీడియో కోసం దారిలో ఒక్క మనిషి కూడా ఆగకూడదన్నది ఎవరూ కాదనరు. ట్రైపాడ్ గేట్ దగ్గర వద్దు, మెట్ల మీద వద్దు. డ్రోన్ అయితే పోలీసులను అడగకుండా ఎగరేయకండి. సజ్దాలో ఉన్న వీపు మీద అది పడితే తప్పుకునే వీలు కూడా ఉండదు.

ఇంత కష్టపడి తీసిన దాన్ని స్టేటస్‌లో పెట్టి ఊరుకోకుండా ఒకసారి ఇంతెజామియా కమిటీ ముందు పెట్టండి, పూర్తిగా, కత్తిరించకుండా. సలామ్ తిప్పగానే ఖుత్బా వదిలేసి లేచేది ఎంతమందో అందులో దొరికిపోతారు (మన పెద్దమనుషులు కొందరికి ఇది ఇబ్బందే). జనం ఏ గేట్ దగ్గర బిగుసుకుంటున్నారు, చెప్పుల కుప్ప ఎక్కడ దారి మూస్తోంది, ఏ బైకుల వరుస వల్ల ముసలివాళ్లు చుట్టూ తిరిగి రావాల్సి వస్తోంది, అంతా కనపడుతుంది. బక్రీద్ లోపల ఆ బైకులకు వేరే జాగా చూపించి, మూసి ఉంచే రెండో గేట్ తీయిస్తే చాలు.