అడగాల్సిన గుమ్మం వైట్‌హౌస్ కాదు

2024 నవంబరు 5న మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్ పట్టణం ఇచ్చిన తీర్పు అమెరికా రాజకీయ పండితులను నివ్వెరపరిచింది. అక్కడి జనాభాలో సగానికి పైగా అరబ్బు సంతతివారే. నాలుగేళ్ల ముందు జో బైడెన్‌కు భారీ ఆధిక్యం ఇచ్చిన ఊరది. ఈసారి డొనాల్డ్ ట్రంప్‌కు సుమారు 42 శాతం, కమలా హారిస్‌కు 36 శాతం, గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టెయిన్‌కు 18 శాతం ఓట్లు వచ్చాయి. 2017లో ఏడు ముస్లిం మెజారిటీ దేశాల పౌరుల రాకను నిషేధించిన నాయకుడే ఆ ఊళ్లో మొదటి స్థానంలో నిలిచారు. దాదాపు ఏడాది తర్వాత, 2025 నవంబరు 4న, హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. అమెరికాలో రాష్ట్రవ్యాప్త ఓటుతో పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆమె. 2017 నాటి నిషేధమే తనను రాజకీయాల్లోకి నెట్టిందని ఆమె చెబుతూ వచ్చారు.

ఒకే గాయానికి రెండు రకాల స్పందనలివి. పాతికేళ్లుగా అమెరికా ముస్లింలు అధ్యక్ష అభ్యర్థుల విదేశాంగ విధానాన్ని బేరీజు వేసి ఓటు వేస్తూనే ఉన్నారు. ఒకసారి ఈ పార్టీని, మరోసారి ఆ పార్టీని శిక్షించారు. విధానం మాత్రం పెద్దగా కదల్లేదు. కారణం ఓటరు అమాయకత్వం కాదు. అడుగుతున్న చోటులోనే లోపం ఉంది.

మొదటి బేరం

అమెరికా ముస్లింలు ఒక్కమాట మీద నిలబడాలని గట్టిగా ప్రయత్నించిన ఎన్నిక 2000 నాటిది. నాలుగు ప్రధాన సంస్థల ఉమ్మడి మండలి ఆ అక్టోబరులో రిపబ్లికన్ అభ్యర్థి జార్జి బుష్‌కు మద్దతు ప్రకటించింది. వలస కేసుల్లో నిందితుడికి చూపించకుండానే ‘రహస్య సాక్ష్యం’ పేరుతో నిర్బంధించే పద్ధతి అప్పట్లో అరబ్బు కుటుంబాలను వణికించేది. అక్టోబరు 11 నాటి టీవీ చర్చలో బుష్ దాన్ని బాహాటంగా తప్పుపట్టారు. ప్రపంచంతో అమెరికా వినయంగా మెలగాలని కూడా అదే చర్చలో అన్నారు.

ఏడాది తిరక్కముందే సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. మరుసటి నెలలో పేట్రియాట్ చట్టం, 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం వచ్చాయి. వినయం మాట ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. 2004లో ముస్లిం సంస్థలు జాన్ కెర్రీ వైపు మళ్లాయి. ఇరాక్‌పై బలప్రయోగానికి అధికారమిస్తూ 2002లో సెనేట్ చేసిన తీర్మానానికి ఓటేసినవారిలో ఆయనా ఒకరు. పెనం మీంచి పొయ్యిలో పడ్డామా అన్న శంక అప్పుడే మొదలైంది.

ఆ దేశంలో ‘ముస్లిం ఓటు’ ఎప్పుడూ ఏకశిల కాదు. ప్యూ సంస్థ 2017 అంచనా ప్రకారం అమెరికా ముస్లింలు సుమారు 34.5 లక్షలు, అంటే జనాభాలో 1 శాతం. వారిలో అయిదో వంతు నల్లజాతివారు. 2000లో బుష్‌కు మద్దతు ప్రకటించిన మండలి తమ గొంతు వినలేదని వారిలో చాలామంది అభ్యంతరం చెప్పారు. పౌరహక్కులు, పేదరికం, పోలీసులు వారికి ముందు. అరబ్బులకు పాలస్తీనా, లెబనాన్ ముందు. దక్షిణాసియావారికి కశ్మీర్, వీసాలు కూడా లెక్కలోకి వస్తాయి.

దక్షిణాసియావారి మధ్య తేడా చూడాలంటే షికాగోలోని డివాన్ అవెన్యూకు వెళ్లాలి. బిర్యానీ హోటళ్లు, బట్టల కొట్లు, హలాల్ మాంసం దుకాణాల మధ్య హైదరాబాదీలు, పాకిస్తానీలు పక్కపక్కనే వ్యాపారాలు చేసుకునే వీధి అది. బుష్ ప్రభుత్వం 2002లో ‘ప్రత్యేక నమోదు’ మొదలుపెట్టింది. 25 దేశాల నుంచి తాత్కాలిక వీసాలపై వచ్చిన, పదహారేళ్లు దాటిన మగవాళ్లు వెళ్లి వేలిముద్రలిచ్చి, ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. అలా వెళ్లినవారిలో 13 వేల మందికి పైగా దేశబహిష్కరణ నోటీసులు అందుకున్నారు. ఆ జాబితాలో పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఉన్నాయి, భారత్ లేదు. ఒకే మసీదులో నమాజు చేసి బయటికొచ్చిన ఇద్దరిలో కరాచీవాడు వరుసలో నిలబడ్డాడు, హైదరాబాద్‌వాడు ఇంటికి వెళ్లాడు. ఆ దేశం వారిద్దరినీ విడదీసింది పాస్‌పోర్టును బట్టి. వారి రాజకీయ అభిప్రాయాలూ కొంతవరకు అలాగే విడిపోయాయి.

పత్రం ఒకటి, దౌత్యం ఒకటి

2009 జూన్ 4న కైరోలో బరాక్ ఒబామా ముస్లిం ప్రపంచంతో కొత్త ఆరంభం గురించి మాట్లాడారు. ఆయన హయాంలోనే పాకిస్తాన్ సరిహద్దు ప్రాంతాలపై డ్రోన్ దాడులు ముమ్మరమయ్యాయి, 2011లో లిబియాపై బాంబులు పడ్డాయి. 2016లో ఇజ్రాయెల్‌కు పదేళ్లలో 38 బిలియన్ డాలర్ల సైనిక సాయం చేసే ఒప్పందమూ ఆయన ప్రభుత్వం కుదిర్చినదే.

తెలుగువారికి దగ్గరగా తగిలే ఉదాహరణ 2020 ఎన్నికలది. ముస్లిం ఓటర్ల కోసం బైడెన్ ప్రచార బృందం విడుదల చేసిన పత్రంలో కశ్మీరీల హక్కులు, అస్సాం పౌర పట్టిక, పౌరసత్వ సవరణ చట్టం ప్రస్తావనకు వచ్చాయి. అదే ఏడాది మార్చి 16న తెలంగాణ శాసనసభ ఆ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. హైదరాబాద్ మూలాలున్న అమెరికా ముస్లింలకు ఆ పత్రం ఊరటనిచ్చింది. అక్కడి హిందూ సంఘాలు కొన్ని మండిపడ్డాయి. 2023 జూన్‌లో అదే బైడెన్ ప్రధాని నరేంద్ర మోదీకి అధికార లాంఛనాలతో స్వాగతం పలికారు. యుద్ధ విమానాల ఇంజిన్లను భారత్‌లో తయారు చేసే ఒప్పందం ముందుకు కదిలింది. ఓట్ల కోసం రాసిన పత్రానికీ చైనాను దృష్టిలో పెట్టుకున్న దౌత్యానికీ పోటీ వస్తే ఏది నెగ్గుతుందో చెప్పనక్కర్లేదు. దీన్ని మోసం అనుకుంటే కోపం వస్తుంది. అమెరికా విధానం నడిచే తీరే ఇది అని గ్రహిస్తే వ్యూహం పుడుతుంది.

బేగంపేట నుంచి కువైట్ దాకా

అమెరికాలో ఓటు లేని తెలుగు ముస్లింలు కూడా ఆ దేశాధ్యక్షులను చూసే తీరులో ఒక్కటిగా లేరు. 2006 మార్చి 3, శుక్రవారం నాడు బుష్ హైదరాబాద్ వచ్చారు. ఇరాక్ యుద్ధంపై ఆగ్రహంతో వామపక్షాలు, ముస్లిం సంస్థలు వీధికెక్కాయి. పాతబస్తీలో నల్లజెండాలు ఎగిరాయి. అదే పర్యటనలో నగరానికి అమెరికా కాన్సులేట్ వస్తుందన్న ప్రకటన వెలువడింది. 2008లో అది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కొలువుదీరింది. నిజాం కాలపు ముస్లిం ప్రభువు వికారుల్ ఉమ్రా కట్టించిన భవనమది. నల్లజెండా పట్టిన ఇంటి నుంచే కొన్నేళ్ల తర్వాత ఓ కుర్రాడు ఫైలు చంకన పెట్టుకుని ఆ గేటు ముందు వీసా వరుసలో నిలబడ్డాడంటే ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు. యుద్ధం మీద కోపం నిజం, చదువు మీద ఆశా నిజం.

ట్రంప్ తొలి ఏడాది 2017 సంగతీ అంతే. జనవరిలో ప్రయాణ నిషేధం, నవంబరులో ఆయన కుమార్తె ఇవాంకా హైదరాబాద్ రాక, ఆమెకు ఫలక్‌నుమాలో విందు. ఆ ప్యాలెస్ కట్టించిందీ వికారుల్ ఉమ్రానే. 2025 మార్చిలో గాజా విషయమై జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలోని భారతీయ పరిశోధకుడు బదర్ ఖాన్ సూరిని నిర్బంధించారు. మేలో కోర్టు ఆదేశంతో ఆయన విడుదలయ్యారు. జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు సోషల్ మీడియా ఖాతాలను బహిరంగంగా ఉంచాలన్న షరతు వచ్చింది. విదేశాంగ విధానం విద్యార్థి ఫోన్‌లోకి దిగిన సందర్భమిది. పాత పోస్టు ఉంచాలా, తీసేయాలా అన్న గుబులు ఇప్పుడు మెహదీపట్నం కుర్రాడికీ ఉంది, గుంటూరు అమ్మాయికీ ఉంది.

రాయలసీమకు వెళ్తే లెక్క ఇంకోలా ఉంటుంది. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు కువైట్ కూడు పెట్టే ఊరు. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన ఇతర మతాల ఆడవాళ్లకూ అంతే. 1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. కట్టుబట్టలతో తిరిగొచ్చిన తెలుగువాళ్లు అందులో ఎందరో. మరుసటి ఏడాది పెద్ద బుష్ పంపిన సేనలు కువైట్‌ను విడిపించాయి కాబట్టే మళ్లీ పని దొరికింది. హైదరాబాద్‌లో చిన్న బుష్‌పై ఉన్న కోపాన్ని రాయచోటిలో అదే మోతాదులో వెతికితే దొరకదు. అక్కడివాళ్లు అభ్యర్థి మతం గురించో భాష గురించో కాదు, గల్ఫ్‌లో యుద్ధం వస్తుందా రాదా అని చూస్తారు. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం మీదికి వెళ్లినప్పుడు కువైట్ సహా పలు గల్ఫ్ దేశాలు గగనతలాన్ని కాసేపు మూసేశాయి. ఆ కాసేపటికే ఇక్కడ ఫోన్లు మోగాయి.

పాతబస్తీలోనే దారుల్‌షిఫా పరిసరాల షియాల చూపు మరొకటి. ఇరాన్‌తో వారి మతబంధం కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఆ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతంవాడు. ఖతార్ ఘటనకు ముందు రోజే అమెరికా ఇరాన్‌లోని మూడు అణు కేంద్రాలపై బాంబులు వేసింది. దానికి కాస్త ముందే పాకిస్తాన్ ప్రభుత్వం ట్రంప్ పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించింది. ఇందుకేనా ఆయనకు నోబెల్ ఇవ్వమన్నారని పాకిస్తానీలను నిలదీసింది హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. ముస్లింలంతా ఒకే కళ్లతో చూస్తారనుకునేవారికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

గాజా తర్వాత

2024 ఫిబ్రవరి 27న మిషిగన్‌లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే డెమోక్రాటిక్ ప్రైమరీలో లక్షకు పైగా ఓటర్లు ‘ఎవరికీ కాదు’ అన్న గడిలో టిక్కు పెట్టారు. గాజాలో కాల్పుల విరమణకు బైడెన్‌పై ఒత్తిడి తేవడమే వారి ఉద్దేశం. ఆగస్టులో జరిగిన పార్టీ మహాసభలో ఒక పాలస్తీనా అమెరికన్‌కు వేదికపై మాట్లాడే అవకాశమివ్వాలన్న చిన్న కోరిక కూడా నెరవేరలేదు. నవంబరులో ట్రంప్ మిషిగన్‌ను సుమారు 80 వేల ఓట్ల తేడాతో గెలుచుకున్నారు. అయితే ఏడు కీలక రాష్ట్రాలూ హారిస్ చేజార్చుకున్నారు. మిషిగన్ ఒక్కటి దక్కినా ఆమె అధ్యక్షురాలయ్యేవారు కారు. ఓటమి నేరాన్ని ముస్లింల మీద మోపడం ఎంత తప్పో, తామే ఓడించామని వారు చంకలు గుద్దుకోవడమూ అంతే తప్పు.

ఇక ట్రంప్‌ను నమ్మినవారికి దక్కిందేమిటి? ఆయనకు మద్దతిచ్చిన, మిషిగన్‌లోని హామ్‌ట్రామిక్ పట్టణ అప్పటి మేయరు అమీర్ గాలిబ్ కువైట్‌లో రాయబారి పదవికి నామినేట్ అయ్యారు. 2025 ఫిబ్రవరి 4న గాజాను అమెరికా స్వాధీనం చేసుకుంటుందని ట్రంప్ ప్రకటించారు. జూన్‌లో 12 దేశాలపై మళ్లీ ప్రయాణ నిషేధం పెట్టారు. అక్టోబరులో ఆయన 20 సూత్రాల ప్రణాళికతోనే గాజాలో కాల్పుల విరమణ కుదిరిందని ఆయన మద్దతుదారులు గుర్తుచేస్తారు. అందులో నిజం లేకపోలేదు. కానీ అది మిషిగన్ ఓటుకు చెల్లించిన ధర అని చెప్పడానికి ఆధారమేమీ లేదు.

అసలు మార్పు చప్పుడు లేకుండా వేరే చోట మొదలైంది. ఇజ్రాయెల్‌కు ఆయుధాల అమ్మకాన్ని ఆపాలంటూ సెనేటర్ బెర్నీ సాండర్స్ ప్రతిపాదించిన తీర్మానాలకు 2024 నవంబరులో సెనేట్‌లో అత్యధికంగా దక్కిన ఓట్లు 19. 2025 జూలై 30న అలాంటి మరో తీర్మానానికి 27 మంది ఓటేశారు. డెమోక్రాట్లలో సగానికి మించి అటు మొగ్గారన్నమాట. తీర్మానం ఓడిపోయింది, నిజమే. కానీ నిధులిచ్చేది, ఆయుధాల అమ్మకానికి అడ్డు చెప్పగలిగేది కాంగ్రెస్సే. అక్కడి సభ్యులు భయపడేది ప్రైమరీ ఎన్నికకు. కొన్ని వేల ఓట్లతో తారుమారయ్యే ఆ పోటీల్లో 1 శాతం జనాభాకూ బరువుంటుంది. 2006లో కీత్ ఎల్లిసన్ తొలి ముస్లిం సభ్యుడిగా కాంగ్రెస్‌కు ఎన్నికైనా, 2018లో రషీదా తలైబ్, ఇల్హాన్ ఒమర్ గెలిచినా, 2025లో గజాలా హష్మీ, న్యూయార్క్ మేయరుగా జోహ్రాన్ మందానీ గెలిచినా దారి అదే. నాలుగేళ్లకోసారి కోపం చూపే ఓటు కన్నా ఏటా ప్రతినిధిని నిలదీసే పనే ఎక్కువ సాధిస్తోంది.

మన గుమ్మం ఢిల్లీ

ఇందులో ఇక్కడివారికీ పాఠముంది. 2023 అక్టోబరు 27న గాజాపై ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ తీర్మానానికి భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉంది. డిసెంబరు 12న కాల్పుల విరమణకు అనుకూలంగా ఓటేసింది. 2025 జూన్ 12న మళ్లీ తటస్థమే. ఈ ఊగిసలాట మీద తెలుగు రాష్ట్రాల ఎంపీల్లో ఎంతమంది తమ ఓటర్లకు జవాబు చెప్పారు? 2024 జూన్‌లో ప్రమాణ స్వీకారం చేస్తూ ఒవైసీ ‘జై పాలస్తీనా’ అన్నప్పుడు వారం పాటు రభస జరిగింది. భారత్ ఓటు ఎందుకు మారుతోందన్న చర్చ మాత్రం జరగలేదు. నినాదానికి దొరికిన సమయం విధానానికి దొరకలేదు.

విదేశాంగ విధానం ముస్లింల పట్టింపు మాత్రమేననీ, మిగతావారికి సంబంధం లేదనీ అనుకోవడమూ పొరపాటే. పెదబయలు మన్యంలో ముస్లిం ఇళ్లు బహు తక్కువ, కొండవాలుల్లో కాఫీ, మిరియాలు పండించే గిరిజనులే ఎక్కువ. 2025 ఆగస్టు 27న భారత సరుకులపై ట్రంప్ సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ కుదుపు పరిధిలోకి భారతీయ కాఫీ కూడా వచ్చింది. రష్యా చమురు కొన్నందుకు విధించిన జరిమానా అందులో సగం. చమురు ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో పెదబయలు రైతును ఎవరూ అడగలేదు. గల్ఫ్‌లో యుద్ధం రావాలా వద్దా అని రాయచోటి తల్లినీ ఎవరూ అడగలేదు.

వాషింగ్టన్‌లో ఎవరు గెలవాలో నిర్ణయించే ఓటు వీరిద్దరికీ లేదు. అరకు లోక్‌సభ స్థానంలో ఒకరికి, రాజంపేటలో మరొకరికి ఓటుంది. సుంకాల మీద ఏం మాట్లాడారు, ఐరాసలో మన ఓటు మీద ఏం అడిగారు, గల్ఫ్ కార్మికుల తరలింపునకు ప్రణాళిక ఏదని ఎంపీని నిలదీయడానికి ఆ ఓటు సరిపోతుంది. డియర్‌బోర్న్ ఓటర్లు ఈ సంగతి తెలుసుకోవడానికి పాతికేళ్లు పట్టింది. మనకూ అంతకాలం పట్టాల్సిన అవసరం లేదు.