చుట్టాలకు ఏమి చూపుదాము?

వేసవి సెలవులు దగ్గర పడుచున్నవి. విజయనగరం నుండి, విశాఖ నుండి, అంతకంటె దూరాల నుండి మన బరంపురంలో చుట్టాలు దిగే రోజులివి. వారికి తెలిసినవి రెండే ఊళ్లు: పూరీ, గోపాలపురం. నడుమ మన ఇల్లు ఒక సత్రము! పట్టుచీర కొని, అప్పడాలు, ఊరగాయ మూటగట్టుకొని రైలెక్కుతారు. గంజాం సీమలో ఇంకేమున్నదని అడిగే తీరిక వారికి లేదు. చెప్పే తీరిక మనకు లేదు.

ఉన్నవి చాలానే కలవు. తప్తపాణి వేడినీటి గుండము, 999 మెట్ల తారాతారిణి కొండ, రంభ వద్ద చిలుక సరస్సు అందరూ విన్నవే. జౌగడకు పోయినవారు మాత్రం తక్కువ. బరంపురానికి సుమారు 35 కిలోమీటర్ల దూరములో, ఋషికుల్య ఒడ్డున, ఒక బండరాతిపై అశోకుని శాసనములు బ్రాహ్మీ లిపిలో ఉన్నవి. కళింగ యుద్ధములో పోయిన ప్రాణములకు తాను విచారించిన సంగతి చక్రవర్తి పదమూడవ శాసనములో చెప్పుకొన్నాడు. ఆ శాసనమును ఇక్కడగాని, ధౌళిలోగాని చెక్కించలేదు. దానికి బదులు, ప్రజలందరు తనకు బిడ్డలవంటివారనియు, ఎవరినీ అన్యాయముగా చెరపెట్టరాదనియు అధికారులకు ఆజ్ఞ వ్రాయించినాడు. దెబ్బతిన్నవారి ఎదుట దెబ్బ మాట ఎత్తకపోవుట మర్యాదయో, రాజనీతియో చదువరులే ఆలోచింతురు గాక. మావంటి గుమాస్తాలకు మాత్రం పై అధికారుల మీదికే వెళ్ళిన ఆ తాకీదు చూడ ముచ్చటే!

ఇక గోపాలపురం. ఆ రేవు నుండి ఒకప్పుడు మనవారెందరో ‘రంగం’ పోయి పొట్ట పోసికొన్నారు. 1942లో జపాను సేనలు రంగూను పట్టుకొనుటతో ఆ దారి మూతబడినది. ఓడలు పోయినను ఒడ్డున మనవారు మిగిలియున్నారు. అక్కడ వలలు బాగుచేసికొనే నోలియాలలో చాలామంది ఇంట మాట్లాడేది తెలుగే. వారి యాసకు మన పిల్లలు నవ్వుట మేము చూచినాము. పెద్దలు వారించుట చూడలేదు.

ఋషికుల్య సముద్రములో కలిసే చోట పొదంపేట ఉన్నది. ఆ తీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు, సాధారణముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో, వేలకు వేలుగా వచ్చి గ్రుడ్లు పెట్టునని 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించినారు. సుమారు 50 రోజులకు పిల్లలు పొదిగి వచ్చును. దీపపు వెలుగు కనబడిన అవి సముద్రమని భ్రమించి ఊరివైపు ప్రాకును. అట్లు దారితప్పినవాటిని చేతులతో ఏరి నీట విడిచినవారు ఆ పల్లెల ప్రజలే. అదే సముద్రము పొదంపేట ఇళ్లను కోసివేయగా చాలా కుటుంబములు లోపలికి తరలవలసివచ్చినది.

కనుక అటు పోవువారు టార్చిలైట్లు వెలిగించవద్దు. తాబేలు పిల్లలను ఫోటో కొరకు చేతబట్టవద్దు.

తెలుగు నిలవవలెనని మనము సభలలో తరచు చెప్పుకొనుచున్నాము. ఈసారి చుట్టాలతో గోపాలపురం పోయినప్పుడు, ‘బాబాయ్, ఈవేళ ఏ చేపలు పడినవి?’ అని పిల్లలచేత అడిగించండి. వారు చెప్పిన పేర్లను ఇంటికి వచ్చి వ్రాసికొననివ్వండి. మన బడిపుస్తకములలో ఆ పేర్లు దొరకవు.