చవక దినములు – చాలని జీతములు

మన శాఖల సన్మాన సభలలోను, పించనుదారుల సమావేశములలోను ఒక మాట తరచు వినవచ్చుచున్నది. ఆ దినములలో రూపాయికి విలువ యుండెడిదట. అణాకు కాఫీ, బేడకు టిఫిను లభించెడివట. నెలాఖరున చేతిలో ఇంకను నాలుగు డబ్బులు మిగిలెడివట. చెప్పువారు మన పెద్దలు, ఈ ఉద్యమమునకు పునాదులు వేసినవారు. వారి మాటను త్రోసివేయుట మా అభిమతము కాదు. అయినను ఎనిమిదవ వేతన సంఘము ఎదుట మన కోర్కెల నుంచవలసిన ఈ సమయమున, పాతధరల జ్ఞాపకమే వేతన వాదమునకు ఆధారముగ చేయబడుచుండుట చూచి కొన్ని విషయములు వ్రాయక తప్పినది కాదు.

ధరలు తక్కువ అనుట నిజమే. జీతములో? 1947లో మొదటి వేతన సంఘము నిర్ణయించిన కనీస మొత్తము నెలకు 55 రూపాయలు. అందు 30 మూలవేతనము, 25 కరువు భత్యము. పండ్రెండేండ్ల తరువాత, 1959లో, రెండవ సంఘము దానిని 80 రూపాయలు చేసినది. యుద్ధకాలమున రైల్వేలు తమ సిబ్బంది కొరకు గ్రెయిన్‌షాపులు నడపవలసి వచ్చెను. బజారు బియ్యము గ్యాంగుమ్యానుకు అందుబాటులో నున్నచో ఆ దుకాణములతో పనియేమి? 1946 జూలైలో దేశమంతట తపాలా ఉద్యోగులు సమ్మెకు దిగిరి. కడుపు నిండినవారు చేసిన సమ్మె కాదది. శ్రీకాకుళం, విశాఖ పల్లెలను విడిచి ఖరగ్‌పూర్ వర్కుషాపులను చేరిన మన తెలుగు కుటుంబములు చవకదనమును వెంటబెట్టుకొని పోలేదు. అది వారి యింట ఎన్నడును లేదు.

ఆ కాలపు జీవితమును గూర్చి ఇంకొక్క సంగతి. 1941–51 దశకమున మన దేశమున సగటు ఆయుర్దాయము 32 సంవత్సరములు. రైల్వే ఉద్యోగులకు పించను పద్ధతి వచ్చినది 1957 నవంబరులో. అంతకుముందు భవిష్యనిధి సొమ్మే గతి. 1964 కుటుంబ పించను పథకము వచ్చువరకు, సర్వీసులో మరణించిన ఉద్యోగి భార్యకు జీవితాంతము అందు పించను లేదు. నాడు కాఫీ అణాయే కావచ్చును. ఆ వితంతువు చేతిలో అణా ఉండవలెను గదా!

ధరలను దేనితో కొలుచుట అను ప్రశ్న కూడ ఉన్నది. దశాంశ నాణెములు వచ్చిన 1957లో పోస్టుకార్డు 5 నయాపైసలు, నేడు 50 పైసలు. కార్డుతో కొలిచినచో ధరలు పదిరెట్లే పెరిగినవి! 1950 ప్రాంతమున తులము బంగారము వంద రూపాయల దరిదాపున ఉండెను, 2025లో లక్ష దాటినది. బంగారముతో కొలిచినచో వేయిరెట్లు. మన మిత్రులు కొందరు బంగారమునే ఎన్నుకొని, జీతము తరిగిపోయినదని వాదించుచున్నారు. ఏ కుటుంబమును బంగారము వండుకొని తినదు. ఈ వాదమును ప్రభుత్వ పక్షము అర నిమిషములో కొట్టివేయగలదు.

కరువు భత్యమునకు ఆధారమైన పారిశ్రామిక కార్మికుల ధరల సూచి చూడుడు. 1960ని వందగా తీసుకొని, తరువాత ఆధార సంవత్సరములు మారినప్పటి గుణకములను కలిపి లెక్కించినచో, 2025 జూలై నాటికి ధరలు రమారమి 96 రెట్లయినవి. నాటి 80 రూపాయలు నేటి 7,680 రూపాయలకు సమానము. 2025 జూలై నుండి 58 శాతము కరువు భత్యముతో కనీస వేతనము 28,440 రూపాయలు. అనగా మూడున్నర రెట్లకు పైబడి పెరుగుదల.

ఈ లెక్క మనకు వ్యతిరేకమని కొందరు భయపడుచున్నారు. మేమట్లు తలచుట లేదు. అది ధరలు ఇచ్చిన పెరుగుదల కాదు, సంఘములు తెచ్చిన పెరుగుదల. 1957 జూలైలో పదునైదవ భారత కార్మిక మహాసభ డాక్టర్ ఆక్రాయిడ్ సూత్రమును అంగీకరించెను: కుటుంబమునకు మూడు యూనిట్లు, యూనిట్టుకు 2,700 క్యాలరీలు, ఏడాదికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు దీపములకు 20 శాతము. (భార్య 0.8 యూనిట్టు, వృద్ధులైన తల్లిదండ్రులు అసలు లెక్కలోనే లేరు.) రెండవ వేతన సంఘము దీనిని ప్రక్కకు పెట్టినది. అందుకే 1960 జూలైలో అయిదు దినముల సమ్మె, ఆర్డినెన్సు, అరెస్టులు. అందుకే 1968 సెప్టెంబరు 19, పఠాన్‌కోట్‌లో కాల్పులు. 1974 మే 8 నుండి 27 వరకు రైల్వే సమ్మె సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. చివరకు ఏడవ వేతన సంఘము అదే సూత్రముతో 18,000 లెక్కగట్టినది. సిబ్బంది పక్షము అదే సూత్రముతో కోరినది 26,000. వస్తువుల ధరలను ఏ బజారులో తీసుకొనవలెనన్నదే ఆ తగవు. నేడును అదే తగవు.

మరి ఆ దినములలో మేలైనది ఏదియు లేదా? ఉన్నది. చేరిన ఉద్యోగము నిలిచెడిది. కాలనీలో క్వార్టరు, ఆసుపత్రి, బడి, సాయంకాలము ఇన్‌స్టిట్యూటు ఉండెడివి. మన పెద్దలు తలచుకొనుచున్నది ఈ ధీమానే గాని అణా కాఫీని కాదని మా నమ్మకము. 2004 జనవరి 1 తరువాత చేరిన యువకునకు పాత పించను ధీమా లేదు. గ్రామీణ డాక్ సేవకుడు నేటికిని సాధారణ ఉద్యోగిగ పరిగణింపబడుట లేదు. స్టేషను శుభ్రముచేయు కాంట్రాక్టు కార్మికురాలికి మనము పైన చెప్పిన 28,440లో వాటా లేదు. 1959 నాటి జీతపు బరువును ఇప్పుడు మోయుచున్నవారు వీరే.

కనుక శాఖా కార్యదర్శులకు మా విజ్ఞప్తి: పాతధరల పట్టికలు పంపవలదు. మీ ఊరి బజారులో ఈ మాసమున బియ్యము, కందిపప్పు, నూనె, పాలు, ఇంటి అద్దె, బడి రుసుము ఎంతెంతయో బిల్లులతో పంపుడు. వానితోపాటు ఒక గ్రామీణ డాక్ సేవకుని ఇంటి నెలఖర్చును, ఒక కాంట్రాక్టు కార్మికుని ఇంటి నెలఖర్చును విడిగ వ్రాసి పంపుడు. పాత జీతపు చీట్లున్న పించనుదారులు వాని నకళ్లను జత చేయవచ్చును.