ఒకసారి చెప్పింది మళ్ళీ అడగొద్దు! మాకు చెప్పకుండా పంచుకోవద్దు!

ఆమదాలవలస పట్టణ, మండల ప్రజలకు విజ్ఞప్తి



మన దగ్గర ఒక ఆడకూతురు నెల తప్పిందంటే ఆమె వివరాలు ఎన్ని యాప్‌లకు ఎక్కుతాయో గమనించారా? ఏఎన్ఎం ఆరోగ్య శాఖ యాప్‌లో రాసుకుంటారు. అంగన్‌వాడీ టీచరు కేంద్రం వారి పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తారు. అవే వివరాలు రాష్ట్రం వారి బాల సంజీవని యాప్‌లో మళ్ళీ కొడతారు. టీకాల కోసం యూ-విన్‌లో ఇంకోసారి. తల్లి ఒక్కతే, బిడ్డ ఒక్కటే, నమోదులు మాత్రం నాలుగు.

తూకం రోజున అంగన్‌వాడీ కేంద్రంలో కాసేపు కూర్చుంటే సంగతి అర్థమవుతుంది. బిడ్డను తూచడం నిమిషాల పని. ఆ అంకెను రెండు యాప్‌లలో కొట్టి, సిగ్నల్ కోసం గుమ్మం దాకా వచ్చి నిలబడడమే పెద్ద పని. 8.4 కిలోలు ఒక యాప్‌లో సరిగ్గా పడి, చెయ్యి జారి రెండోదానిలో 4.8 పడితే? ఒక లెక్కలో బిడ్డ బాగున్నట్టు, ఇంకో లెక్కలో ప్రాణాపాయంలో ఉన్నట్టు. ఏది చూసి డాక్టరు దగ్గరకు పంపాలి?

2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. దానికి ముందు ఈ-కేవైసీ చేయించుకోవాలి, ఓటీపీ చెప్పాలి. మన వైపు మగవాళ్లు పనుల కోసం చెన్నై, హైదరాబాద్, విశాఖ పోతారు. ఆధార్‌కు కలిపిన నంబరు వాళ్ల జేబులో ఉంటుంది. సెంట్రింగు పని మీదున్న మనిషికి ఇక్కడి నుంచి ఫోన్ చేసి ‘ఓటీపీ వచ్చిందేటి?’ అని అడగాలి. ఆయన ఎత్తేలోపు గడువు తీరిపోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మొత్తుకుంటుంటే, అడిగిన ప్రతిసారీ చెప్పడం మనమే అలవాటు చేసుకుంటున్నాం. రేపు అదే గొంతుతో మోసగాడు అడిగినా చెప్పేస్తాం.

మరి అన్నీ ఒకచోట పోగేస్తే సరిపోతుందా? పోదు. 2018లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్ష మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా బయటపడ్డాయి. కాపలా లేకుండా కలిపితే జరిగేది అదే. అంగన్‌వాడీ సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నట్టు కార్యకర్త చేతిలో ఒకే యాప్ ఉండాలి. దాని వెనుక సమాచారం మాత్రం ఏ శాఖకు కావలసినంత ఆ శాఖకే అందాలి. పొరుగింటావిడ సోలెడు బియ్యం బదులు అడిగితే సోలెడే కొలిచి పోస్తాం గానీ, కొట్టుగది తాళం చేతిలో పెట్టం కదా!

ఇది సాధ్యమే. ఆండ్రాయిడ్ ఫోనులో ఒక యాప్ తన లోపల దాచుకున్న సమాచారాన్ని ఇంకో యాప్ నేరుగా చదవలేదు. ఒకే సంస్థ తయారుచేసిన యాప్‌లైతే, రెండింటి డిజిటల్ సంతకం ఒకటేనా అని ఫోనే సరిచూసి, కలిస్తేనే సమాచారం అందించేలా ఏర్పాటు చేయవచ్చు. కేంద్రానిదొకటి, రాష్ట్రానిదొకటి అయినప్పుడు సంతకాలు వేరుగా ఉంటాయి. అప్పుడు సర్వర్ నుంచి సర్వర్‌కు, ఎన్‌క్రిప్షన్‌తో, కొద్దిసేపే చెల్లే అనుమతితో పంపుకోవాలి. ఎక్సెల్ షీట్లు, ఆధార్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం, ఒకరి పాస్‌వర్డ్ పదిమంది వాడడం వెంటనే ఆగాలి.

డబ్బు విషయంలో ఈ జాగ్రత్త మన దేశంలో ఇప్పటికే ఉంది. 2021 సెప్టెంబర్ 2న మొదలైన అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతిలో ఏ ఖాతా వివరం, ఎవరికి, ఏ పనికి, ఎన్నాళ్లు ఇవ్వాలో ఖాతాదారు ఒప్పుకుంటేనే సమాచారం కదులుతుంది. మధ్యలో చేరవేసే సంస్థ దాన్ని చదవలేదు. ఇచ్చిన ఒప్పుకోలును వెనక్కి తీసుకోవచ్చు కూడా. బ్యాంకు లెక్కకున్న ఈ మర్యాద తల్లి రక్తహీనత లెక్కకు, పసిబిడ్డ బరువుకు ఎందుకు ఉండకూడదు?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. సమాచారాన్ని కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని అందులో ఉంది. పథకాల కోసం వివరాలు వాడుకునేందుకు ప్రభుత్వానికి ఆ చట్టం వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. అది తల్లికి చెప్పకుండా ఉండడానికి సాకు కాకూడదు.

మా కోర్కెలు:

1. తల్లీబిడ్డల వివరాలు ఒక్కసారే నమోదు చేయాలి. మిగతా యాప్‌లు అక్కడి నుంచే తీసుకోవాలి.
2. ఏ వివరం ఏ శాఖకు పోతుందో తెలుగులో చదివి వినిపించి, తల్లి ఒప్పుకోలు తీసుకోవాలి.
3. బరువు అడిగిన యాప్‌కు బరువే ఇవ్వాలి. కులం, బ్యాంకు ఖాతా, ఆధార్ నంబరు దాని వెంట పోకూడదు.
4. తన వివరాలు ఎవరు, ఎప్పుడు చూశారో తల్లికి తెలిసే వీలుండాలి. తప్పు దొర్లితే కేంద్రంలోనే దిద్దాలి.
5. ఓటీపీ రాలేదనో, ముఖం కలవలేదనో, సిగ్నల్ లేదనో గుడ్లు, పాలు, బాలామృతం ఆపకూడదు. రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇవ్వాలి.

తల్లులారా! అంగన్‌వాడీ టీచరు మీద, ఏఎన్ఎం మీద విసుక్కోకండి. ఈ బరువు వాళ్ల నెత్తి మీదా ఉంది. వాళ్లను కలుపుకుని రండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ అయిదు కోర్కెలతో అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. పట్టణంలో వార్డు సచివాలయ సిబ్బందిని అడగండి. చదువుకున్న పిల్లలు ప్రతి వీధిలో అర్జీలు రాసిపెట్టండి. ఒక్క అర్జీ అయితే పక్కన పడేస్తారు, వీధి వీధి నుంచీ వస్తే జవాబు చెప్పక తప్పదు.

– ఆమదాలవలస తల్లులు, పౌరులు